దగ్గుకు తీర్పు చెప్పకండి

ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిస్తే, పలకరించడానికి వచ్చినవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ఒకటే: “సిగరెట్లు బాగా కాల్చేవాడా?” అవునంటే తల ఊపుతారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని పైకి అనకపోయినా ముఖం చెప్పేస్తుంది. లేదంటే నమ్మరు. “మీకు తెలీకుండా ఎక్కడైనా...” అని గొంతు తగ్గించి అడుగుతారు. గుండెపోటుతో పడుకున్న మనిషిని ఎంత నెయ్యి తిన్నావని నిలదీయం. షుగర్ ముదిరి కాలు తీయించుకున్న మనిషి దగ్గర మిఠాయిల లెక్క తీయం. ఈ ఒక్క జబ్బు వచ్చినవాడు మాత్రం ముందు తన తప్పేమీ లేదని రుజువు చేసుకోవాలి. ఆ తర్వాతే మన జాలి.

ఈ ధోరణి వెనక గట్టి నమ్మకం ఒకటుంది. ఇది పొగ తాగేవాళ్ళ జబ్బు, కోరి తెచ్చుకున్న జబ్బు, వచ్చాక ఎవరూ ఏమీ చేయలేని జబ్బు అని. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, కొందరు డాక్టర్లు కూడా దీన్నే నమ్ముతున్నారు. ఇందులో మొదటి మాటలో కొంత నిజముంది. మిగతాదంతా తప్పు. ఆ తప్పు వల్ల మాట పడటంతో పోతే సరిపెట్టుకోవచ్చు, కానీ మనుషులు ఆలస్యంగా ఆస్పత్రికి చేరుతున్నదీ, ఆ ఆలస్యంతో చనిపోతున్నదీ చాలావరకు ఈ నమ్మకం వల్లే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 80 వేల మందికి ఈ క్యాన్సర్ బయటపడితే, దాదాపు 75 వేల మంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటమే మన ఆలస్యానికి కొలత.

పొగాకు సంగతి ముందు తేల్చేద్దాం. దాని పాపాన్ని పలచన చేసే ఉద్దేశం నాకు రవ్వంత కూడా లేదు. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆస్పత్రుల్లోని రోగులను విచారించి, సిగరెట్టుకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. 1964 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ విడుదల చేసిన నివేదికతో అది ప్రభుత్వమే ఒప్పుకున్న నిజమైంది. సిగరెట్టయినా బీడీ అయినా చుట్టయినా, ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకే. మానేసిన పదేళ్ళకు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. తొలిదశలో క్యాన్సర్ బయటపడిన తర్వాత మానేసినా బతికే అవకాశం మెరుగవుతుంది. కాబట్టి మానేయమని చెప్పాల్సిందే, ఇంకా గట్టిగా చెప్పాలి.

అయితే కారణం చెప్పడం వేరు, నేరం మోపడం వేరు. పొగాకు పంట కోసం కేంద్ర ప్రభుత్వం గుంటూరులో ఒక బోర్డు నడుపుతోంది, వేలం కేంద్రాలు పెట్టింది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో వేలాది ఆడవాళ్ళు బీడీలు చుట్టి ఇళ్ళు గడుపుకుంటున్నారు. సిగరెట్ల మీద పన్ను ఖజానాకు చేరుతోంది. ఇంత పెద్ద ఏర్పాటు కళ్ళెదుట నడుస్తుంటే, పదిహేనేళ్ళప్పుడు మేస్త్రీ పక్కన ఇటుకలు మోస్తూ బీడీ అలవాటు చేసుకున్న కుర్రాడు యాభై ఐదో ఏట దగ్గితే తప్పంతా వాడిదే అంటున్నాం. ఇది అన్యాయం. ఒకవేళ తప్పంతా వాడిదే అనుకున్నా, తప్పు చేసినవాడికి వైద్యం ఆలస్యం కావాలని ఏ ధర్మమూ చెప్పదు.

ఇక పొగ తాగనివాళ్ళ మాట. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో మగవాళ్ళలో నూటికి 19 మంది, ఆడవాళ్ళలో నూటికి ఇద్దరు పొగ తాగుతున్నారని తేలింది. ఈ క్యాన్సర్ కేవలం పొగతాగేవాళ్ళ జబ్బే అయితే రోగుల్లో ఆడవాళ్ళు పదో వంతు దగ్గర ఆగిపోవాలి. మన దేశంలో బయటపడుతున్న కేసుల్లో నాలుగో వంతుకు పైగా ఆడవాళ్ళే. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన రోగుల వివరాలను 2012లో ప్రచురించినప్పుడు, అందులో సగం మంది దాకా ఎన్నడూ పొగ తాగనివాళ్ళని రాశారు. అన్నిచోట్లా ఇదే నిష్పత్తి ఉండదు, ఉత్తరాదిలో కొన్నిచోట్ల పొగతాగేవాళ్ళదే పెద్ద వాటా. కానీ “నాకు ఆ అలవాటు లేదు, నాకెందుకొస్తుంది” అన్న ధీమాకు ఏ ఆస్పత్రి లెక్కా అండగా నిలబడదు.

వీళ్ళకు ఎందుకొచ్చింది? కారణాలు చాలా ఉన్నాయి, కొన్ని మన ఇళ్ళలోనే ఉన్నాయి. 1981లో తకేషి హిరయామా అనే జపాన్ పరిశోధకుడు 91 వేల మందికి పైగా గృహిణుల వివరాలు పరిశీలించాడు. తాము పొగ తాగకపోయినా, భర్తలు విపరీతంగా కాల్చే ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉన్నాయని చూపించాడు. చైనాలోని యునాన్ రాష్ట్రంలో షువాన్‌వే అనే ప్రాంతముంది. అక్కడి ఆడవాళ్ళు పొగ తాగరు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల్లో దేశంలోనే ముందు వరసలో నిలిచారు. ఇంట్లో పొగ ఎక్కువగా వచ్చే బొగ్గు కాల్చి వండటం దానికి మూలమని తేలింది. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టాక కేసులు తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఇంట్లో కాల్చే బొగ్గు పొగను క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. కట్టెలు, పిడకల పొగను దాని తర్వాతి జాబితాలో, అంటే క్యాన్సర్ కారకం కావడానికి బాగా అవకాశమున్న వాటిలో, పెట్టింది. డీజిల్ పొగను 2012లో, బయటి వాయు కాలుష్యాన్ని 2013లో మొదటి జాబితాలోకి ఎక్కించింది. రాతినార (ఆస్బెస్టాస్), రాతిధూళిలోని సిలికా అంతకుముందే అందులో ఉన్నాయి. పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. మార్కాపురం పలకల ధూళి ఎంతమంది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందో ఆ ఊరి కార్మికులకు తెలుసు. వీళ్ళను “సిగరెట్లు కాల్చేవాడా?” అని అడిగితే ఏం తెలుస్తుంది?

ఈ నమ్మకం మనుషుల్ని ఎలా చంపుతుందో తెలియాలంటే ఒక దగ్గు వెంట కొంత దూరం వెళ్ళాలి. యాభై ఏళ్ళ ఇల్లాలికి దగ్గు మొదలవుతుంది. మందుల షాపులో సిరప్ తెస్తారు. తగ్గదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఐదు రోజులకు మాత్రలు, రెండు సూదులు ఇస్తాడు. కాస్త నెమ్మదిస్తుంది, మళ్ళీ మొదలవుతుంది. చలికాలం అంటారు, దుమ్ము అంటారు. నెల దాటాక పట్నంలో ఎక్స్‌రే తీస్తే మచ్చ కనిపిస్తుంది. నెమ్ము చేసిందంటారు. ఇంకో పక్షం తర్వాత కూడా ఆ మచ్చ ఉన్నచోటే ఉంటే టీబీ అంటారు. కళ్ళె పరీక్షలో క్రిమి దొరకకపోయినా, లేక ఆ పరీక్షే చేయకపోయినా, మందులు మొదలుపెడతారు. కోర్సు ఆర్నెల్లు. రెండు నెలలకు ఆమె ఇంకా చిక్కిపోతే, మందుల వేడి అని సర్దిచెబుతారు. నాలుగో నెలలో ఆయాసం. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని తీయిస్తారు. ఆ నీటిని పరీక్షకు పంపినప్పుడో, మాట బొంగురుపోయి పెద్దాస్పత్రికి వెళ్ళినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికది నాలుగో స్టేజీ.

ఇది నేను కల్పించిన కథ అనుకోకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను చూసే ఏ డాక్టరును అడిగినా, టీబీ మందులు కొన్నాళ్ళు వాడి తమ దగ్గరికి వచ్చినవాళ్ళ గురించి చెబుతారు. మన దేశంలో బయటపడే కేసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా మూడో దశలోనో నాలుగో దశలోనో దొరుకుతున్నవే.

టీబీ అని అనుమానించడంలో తప్పులేదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. రెండు జబ్బుల్లోనూ దగ్గు, కళ్ళెలో నెత్తురు, బరువు తగ్గడం, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చ ఉంటాయి. ముందు టీబీ వైపు చూడటమే వివేకం. రుజువు లేకుండా అక్కడే ఆగిపోవడం మాత్రం తప్పు. ఆమె పొగ తాగదు కాబట్టి క్యాన్సర్ ఎవరి తలపుకూ రాలేదు. అదే ఇంట్లో ఆమె భర్తకు దగ్గు వచ్చి ఉంటే ఇదే నమ్మకం ఇంకో రకంగా దెబ్బతీసేది. ముప్పై ఏళ్ళుగా బీడీ తాగేవాడికి దగ్గు కొత్త కాదు. ఆ దగ్గు తీరు మారినా, రాత్రుళ్ళు కూడా రావడం మొదలైనా, అదంతా పొగ దగ్గే అనుకుంటాడు. కళ్ళెలో ఎర్రగా కనబడితే భయపడతాడు, కానీ ఇంట్లో చెప్పడు. చెబితే వినాల్సివచ్చే మొదటి మాటేమిటో వాడికి తెలుసు. డాక్టరు దగ్గర కూడా రోజుకు రెండే అంటాడు. తాగని ఆమెను అనుమానించం. తాగే ఆయన నోరు విప్పడు. ఇద్దరూ ఆలస్యంగానే చేరతారు. ఒకే నమ్మకం ఇద్దరినీ దెబ్బతీస్తోంది.

మూడో మాట, వచ్చాక చేసేదేమీ లేదన్నది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఎందుకంటే “తెలిసి ఏం లాభం, తెలియకపోతేనే నయం” అనే వేదాంతం దీని మీదే నిలబడింది. ప్రపంచమంతటి వైద్యులు దశలు నిర్ణయించడానికి వాడుతూ వచ్చిన లెక్కలు చూడండి. సెంటీమీటరు దాటని గడ్డగా, ఎక్కడికీ పాకకముందు దొరికినవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత నూటికి 90 మందికి పైగా బతికే ఉన్నారు. మూడో దశ మొదట్లో దొరికినవాళ్ళలో 36 మంది. వేరే అవయవాలకు పాకాక పదిమందికి మించరు. ఆ తేడా అంతా దొరికిన సమయానిదే. ఊపిరితిత్తి లోపలి కండకు నొప్పి తెలిసే నరాలు లేవు. గడ్డ పైపొరనో పక్కటెముకలనో తాకేదాకా మౌనంగా పెరుగుతుంది. అందుకే ఇది దొరకడం కష్టం. కష్టమైనదాన్ని అసాధ్యమంటే ఎలా?

వైద్యం కూడా పాత వైద్యం కాదు. గడ్డ ఉన్న భాగాన్ని ఆపరేషన్‌తో తీసేస్తే మిగిలిన ఊపిరితిత్తితో మామూలుగా బతుకుతున్నవాళ్ళు ఎందరో. 2004లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో వచ్చే మార్పును కనిపెట్టాక కథే మారింది. పొగ తాగని ఆసియా దేశాలవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఇది ఎక్కువ. వాళ్ళలో చాలామందికి రోజుకో మాత్రతో గడ్డ కరుగుతుంది. జెఫిటినిబ్ లాంటి మాత్రలను మన హైదరాబాద్ కంపెనీలు సైతం జెనరిక్‌గా అమ్ముతున్నాయి. ఇదే మార్పున్న రోగులకు ఆపరేషన్ తర్వాత ఒసిమెర్టినిబ్ ఇచ్చిన పరిశోధనలో అయిదేళ్ళకు నూటికి 88 మంది బతికి ఉన్నారని 2023లో ప్రకటించారు, ఇవ్వనివాళ్ళలో 78 మంది.

ఈ మాత్రలు పనిచేస్తాయో లేదో తెలియాలంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. ఇక్కడ ఇంకో అడ్డు వస్తుంది: “ముక్క తీస్తే పాకిపోతుంది, సూది పెట్టనివ్వకండి.” బంధువుల్లో ఒకరు తప్పకుండా అనే మాట ఇది. సూది దారిలో క్యాన్సర్ కణాలు పడటం జరగదని కాదు, చాలా అరుదు. ముక్క తీయించాక జబ్బు ముదిరినట్టు కనిపించడానికి కారణం, మనవాళ్ళు ముక్క పరీక్షకు ఒప్పుకునేసరికే అది ముదిరి ఉండటం. ఈ భయంతో నెలలు పోగొట్టుకున్న ప్రతి ఇంటి గురించి విన్నప్పుడు నాకు కడుపు రగిలిపోతుంది.

అయితే అందరూ ఏటా స్కాన్ తీయించుకోవాలా? అలా అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఛాతీ ఎక్స్‌రే పెట్టి ధైర్యం అమ్ముతున్నారు. లక్షన్నర మందికి పైగా పాల్గొన్న అమెరికా పరిశోధన 2011లోనే తేల్చింది, ఏటా ఎక్స్‌రే తీయడం వల్ల ఈ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని. లక్షణాలున్నవాళ్ళలో కూడా అయిదింట ఒక గడ్డ దాకా ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్ సంగతి వేరు. బాగా పొగ తాగినవాళ్ళు, మానేసినవాళ్ళు కలిపి 53 వేల మంది మీద అమెరికాలో జరిగిన పరిశోధనలో, ఏడాదికోసారి మూడుసార్లు ఈ స్కాన్ తీసినవాళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలు ఎక్స్‌రే వాళ్ళకన్నా 20 శాతం తగ్గాయి. నెదర్లాండ్స్, బెల్జియంలలో జరిగిన నెల్సన్ పరిశోధన 2020లో మగవాళ్ళలో పదేళ్ళకు 24 శాతం తగ్గుదల చూపించింది. నిమిషాల్లో అయిపోయే పరీక్ష, ఒక్కసారి ఊపిరి బిగపడితే చాలు.

కానీ అదే అమెరికా పరిశోధనలో, స్కాన్‌లో అనుమానం రేపిన ఫలితాల్లో నూటికి 96 చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. పాత టీబీ మచ్చలు ఇంటింటా ఉన్న మన దేశంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. 2022లో తైవాన్, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ క్యాన్సర్ ఉంటే పొగ తాగనివాళ్ళకు కూడా ప్రభుత్వ ఖర్చుతో ఈ స్కాన్ మొదలుపెట్టింది. అక్కడి ఆడవాళ్ళలో తొలిదశ కేసులు విపరీతంగా పెరిగినా ముదిరిన కేసులు తగ్గలేదని ప్రశ్నించిన పరిశోధకులూ ఉన్నారు. అందుకే ముప్పు ఎక్కువున్నవాళ్ళకే ఈ స్కాన్. అమెరికాలో ఇప్పుడు 50 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్ళు కాల్చినవాళ్ళకు చేయమంటున్నారు, పదిహేనేళ్ళ లోపు మానేసినా సరే. మన బీడీ కట్టలకు, కట్టెల పొయ్యిలకు ఆ లెక్క అతకదు. మన లెక్క మనమే కట్టుకోవాలి, ఆ పని ఇంకా సరిగా మొదలే కాలేదు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? పేద దేశం, డబ్బు లేదు, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ముందు చూద్దాం అంటారు అధికారులు. 2016లో కేంద్రం ముప్పై దాటినవాళ్ళకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయమని మార్గదర్శకాలిచ్చింది. ఊపిరితిత్తులు అందులో లేవు. ఆ మూడింటికి చవకైన పరీక్ష ఉంది, దీనికి లేదు, కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ క్యాన్సర్ కోసం కొత్తగా వ్యవస్థ కట్టాల్సిన పనే లేదు. రెండు వారాలు దాటిన దగ్గును ఇంటింటికీ వెళ్ళి వెతికే ఆశా వర్కర్లు మనకిప్పటికే ఉన్నారు. టీబీ క్రిమిని గంటల్లో తేల్చే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలున్నాయి. 2024 డిసెంబరులో మొదలైన నూరు రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో మోసుకెళ్ళే ఎక్స్‌రే యంత్రాలు ఊళ్ళలోకి వచ్చాయి. దగ్గుతున్న మనిషి మన చేతికి అందుతున్నాడు. టీబీ లేదని తేలగానే సిరప్ ఇచ్చి వదిలేస్తున్నాం. సంతోషించి ఇంటికి పోతున్నాడు.

అక్కడే ఆపాలి. నలభై దాటిన మనిషికి మూడు వారాలకు మించి దగ్గు ఉండి, టీబీ పరీక్షలో ఏమీ లేదంటే, ఆ కాగితం మీదే తర్వాతి మెట్టు రాసి ఉండాలి: ఎక్స్‌రే, అందులో మచ్చ ఉంటే సీటీ. ఎక్స్‌రే బాగున్నా దగ్గు ఆగకపోతే, లేదా నెత్తురు పడితే, అప్పుడూ సీటీయే. ఒకేచోట మళ్ళీమళ్ళీ నెమ్ము చేసినా, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా, వేళ్ళ కొసలు ఉబ్బి గోళ్ళు వంపు తిరిగినా, కారణం తెలియకుండా బరువు తగ్గినా ఇదే దారి. రుజువు లేకుండా టీబీ మందులు మొదలుపెట్టాల్సి వచ్చినా, రెండు నెలలకు మచ్చ తగ్గకపోతే ఆ మందులు కొనసాగించే ముందు ముక్క పరీక్ష ఆలోచించాలి.

దగ్గు గురించి జనానికి చెబితే ఊరికే భయపెట్టినట్టవుతుందని ఒక వాదన ఉంది. ఇంగ్లండులో 2012లో మూడు వారాలు దాటిన దగ్గుంటే డాక్టరును కలవండని టీవీలో, రేడియోలో దేశమంతా ప్రచారం చేశారు. డాక్టర్ల దగ్గర రద్దీ పెరిగిన మాట నిజం. అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఎక్కువ క్యాన్సర్లు బయటపడ్డాయి, ఆపరేషన్‌కు వీలయ్యే దశలో దొరికినవాళ్ళూ పెరిగారు. లీడ్స్ నగరంలో 2011 నుంచే యాభై దాటినవాళ్ళు దగ్గు తగ్గకపోతే డాక్టరు చీటీ లేకుండా నేరుగా వెళ్ళి ఎక్స్‌రే తీయించుకునే ఏర్పాటు చేశారు. 2016లో మాంచెస్టర్‌లో షాపింగ్ సెంటర్ల పార్కింగుల్లోకి స్కాన్ బండ్లు తెచ్చారు. పేదపేటల్లో ఆస్పత్రి గడప తొక్కనివాళ్ళు బజారుకొచ్చి స్కాన్ తీయించుకున్నారు. దొరికిన క్యాన్సర్లలో అత్యధికం తొలిదశవే. నిజామాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో సంత రోజున ఇది ఎందుకు కుదరదో అధికారులు చెప్పాలి.

డాక్టర్లకు ఒక మనవి. పొగ గురించి అడగండి, తప్పకుండా అడగండి. “తాగుతావా?” దగ్గర ఆగకండి. ఏ పొయ్యి మీద వండారు, ఎన్నేళ్ళు, ఇంట్లో ఇంకెవరు కాలుస్తారు, ఏ పని చేశారు, రాతిధూళి ఉందా, రాతినార రేకులు కోశారా, రోజంతా ట్రాఫిక్‌లో నిలబడే ఉద్యోగమా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా వచ్చిందా అని అడగండి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మను “సిగరెట్టు తాగుతావా?” అంటే లేదనే చెబుతుంది, అది అబద్ధం కూడా కాదు. మందలించే గొంతుతో అడిగితే నిజం బయటికి రాదు.

ప్రభుత్వానికి ఒకటే అడుగుతాను. నవంబరు నెలలో తెల్ల రిబ్బన్లతో నడకలు జరిపించండి, వద్దనను. దానితోపాటు జిల్లాలవారీగా ఆ ఏడాది ఎంతమందికి ఈ క్యాన్సర్ బయటపడింది, అందులో ఎంతమంది మొదటి రెండు దశల్లో దొరికారు, ఎంతమంది అంతకుముందు టీబీ మందులు వాడారు, దగ్గు మొదలైన నాటికీ ముక్క పరీక్ష నాటికీ మధ్య ఎన్ని వారాలు గడిచాయి అన్నది ప్రకటించండి. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యానికి ప్రభుత్వం ఖర్చు పెడుతూనే ఉంది కాబట్టి ఈ వివరాల్లో చాలావరకు కేసు షీట్లలో ఉన్నవే. వాటిని కూడి ప్రకటించడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు.